గిన్నె అడుగున మిగిలింది

ప్రతి శనివారం మధ్యాహ్నం మా ఆయన వైసాలే, ఆయన స్నేహితులూ లేచి వెళ్ళాక వాళ్ళు తాగిన కొబ్బరి చిప్పలు కడిగేది నేనే. మా ఫిజీలో మత్తు కోసం తాగే యంగోనా వేర్లు దంచేదీ, నీళ్ళతో గుడ్డలో వేసి పిండేదీ నేనే. తాగేది మాత్రం వాళ్ళు. "చర్చిలో వాక్యం చెప్పేవాడి పెళ్ళాం యంగోనా ముట్టుకుంటే ఊళ్ళో తలెత్తుకోగలమా?" అనేది మా అత్తగారు. ముట్టుకోకుండా ఎలా పిండాలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అడుగున మిగిలింది పారబోస్తానని వంటింట్లోకి తెచ్చి తాగేసేదాన్ని. నాలుక మొద్దుబారేది, నన్ను పిలిచే గొంతులు దూరమయ్యేవి. మొదట్లో శనివారాలే. తర్వాత రోజూ నాకోసం విడిగా దంచుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

పిత్తాశయంలో రాళ్ళని రాజధాని సువాలో ఆపరేషన్ అన్నారు. ముందురోజు మత్తు డాక్టరమ్మ అలుమిటా వచ్చి, తాగుడుగానీ నాటుమందులుగానీ ఏమైనా అలవాటా అని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా ఆయన నవ్వాడు. "లిటియానాకా? మా ఇంట్లో ఆ అలవాట్లు మగాళ్ళవేనమ్మా." నేను తలూపాను.

నరంలోకి మత్తు ఎక్కించారు. ఆపరేషన్ అయ్యాక అరగంటలో లేవాల్సినదాన్ని నాలుగు గంటలకుగానీ కళ్ళు తెరవలేదట. "వయసు, బరువు, కాలేయం, ఒంటి వేడి, ముందే ఒంట్లో ఉన్న మత్తు... వీటిలో ఏదో ఒకటి కారణం కావాలి. ఈవిడకి ఏదీ సరిపోవట్లేదు," అంది డాక్టరమ్మ. పాపం, నిద్రలేక ఆ పిల్ల కళ్ళు గుంటలు పడ్డాయి.

"మందెక్కువ పోసుంటుంది, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల," అంది అత్తగారు, ఆ పిల్లకి వినపడేలాగే.

మూడోరోజు మా ఆయన ఫిర్యాదు రాసుకొచ్చాడు. "దీని ఉద్యోగం ఊడితేగానీ బుద్ధి రాదు. సంతకం పెట్టు."

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తోంది. కాగితం మీద తన పేరు చూసి కూడా లెక్క ఆపలేదు. నా దొంగతనానికి శిక్ష ఆమెకి పడబోతోంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది నాకు. కలం పక్కన పెట్టేశాను.

"నేను రోజూ యంగోనా తాగుతానమ్మా. ఆపరేషన్ ముందురోజు కూడా తాగాను."

"ఛీ," అంది అత్తగారు. మా ఆయన కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంట్లో ఎవరికీ తెలియదా?" అని మెల్లగా అడిగింది డాక్టరమ్మ.

"మా ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగరమ్మా. అడిగింది మీరొక్కరే. దానికి కూడా జవాబు ఆయనే చెప్పాడు. మళ్ళీ అడగండి, ఈసారి నేను చెప్తాను."