పేజీకోసారి లేచే కథ

"నాలుగు నిండాయి, ఇంకా ఒక్క అక్షరం రాదు. తల్లి చూస్తే రోజంతా ఊళ్ళోవాళ్ళ చేత అక్షరాలు చదివిస్తుంది," అని మా అత్తగారు ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే నేను పాలగిన్నె తోముతున్నాను. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేం లేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో నా ఉద్యోగం. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చూపించి, అద్దం తర్వాత అద్దం మారుస్తూ, "ఇప్పుడెలా ఉంది? పోనీ, ఇప్పుడు?" అని అడుగుతాను. మా యజమానికి అదీ ఒక పనిలా కనిపించదు. "మీకేమమ్మా, వాళ్ళు చదువుతారు, మీరు వింటారు," అంటాడు. ఎనిమిది గంటలు నిలబడి వింటానన్న సంగతి ఆయనకి గుర్తుండదు.

బుడంకాయకి, అంటే మా అమ్మాయికి, నేను అక్షరాలు దిద్దించని మాట నిజమే. కథలు చదివాను. సాయంత్రం ఇంటికి రాగానే పొయ్యి మీద కూర పడేసి, వంటగది గడప దగ్గర దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పదహారు పేజీల ఎలుగుబంటి పుస్తకం తెరిచేదాన్ని. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతుంటే ఆ వేలిని అది గట్టిగా పట్టుకునేది. "ఇవి చీమలా?" అని అడిగింది ఒకసారి. "కాదు, మాటలు. నేను చూస్తే పలుకుతాయి," అన్నాను. అది మొహం పుస్తకానికి ఆనించి చాలాసేపు చూసి, "నేను చూస్తే పలకట్లేదే?" అంది. నాకు భలే సరదా వేసింది. చదువు ఏ క్షణాన మొదలవుతుందో కళ్ళారా చూడాలన్న ఆశ పట్టుకుంది. సబ్బు పొట్లం మీది పేరునీ, బిస్కట్ల పొట్లం మీది పేరునీ ఆకారం చూసే అది గుర్తుపడుతుంటే, దుకాణంలో ఉన్నంతసేపూ దాని గురించే ఆలోచించేదాన్ని. ఇంట్లో ఎవరికీ ఇది చదువులా తోచలేదు.

మా వీధి చివరి బడిలో సీటిచ్చే ముందు పిల్లల్ని మాట్లాడించి చూస్తారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. హెడ్ మేడం బుడంకాయ చేతికి బొమ్మల పుస్తకం ఒకటిచ్చి, "ఏదీ, ఇది నాకు చదివి వినిపించు," అంది. తలకిందులుగా ఉన్న పుస్తకాన్ని అది చక్కగా తిప్పుకుంది. మొదటి వరుస కింద వేలు పెట్టింది. బొమ్మ చూసి, "అనగనగా ఒక కుందేలు. దానికి పొద్దున్నే ఆకలేసింది," అని మొదలుపెట్టింది. నా గుండె పొంగిపోయింది. అంతలో పుస్తకం మూసి కుర్చీ దిగి, "ఆఁ, వస్తున్నా!" అంటూ తలుపు దాకా పరిగెత్తింది. గాలిలో పొయ్యి మీట తిప్పి ఆపేసినట్టు చేసి, గౌనుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "ఎక్కడున్నాం? ఆఁ, కుందేలు. కుందేలు తోటకెళ్ళింది. బీరువాలో రెండో అరలో ఉంది చూడండి! అక్కడే, తువ్వాళ్ళ కింద! తోటలో ముల్లంగులున్నాయి." మళ్ళీ దిగింది.

"ఎందుకమ్మా లేస్తున్నావు?" అని మేడం అడిగింది.

"పేజీ అయిపోయింది కదా. లేవాలి."

"అలా అని ఎవరు చెప్పారు?"

దానికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "చదవడమంటే అంతే," అంది.

మేడం నవ్వు ఆపుకుని నావైపు చూసింది. ఆ చూపులో వెక్కిరింత లేదు. "పాపకి పుస్తకమంటే ఏంటో బాగా తెలుసు. అక్షరాలు మేం నేర్పుకుంటాం. కానీ ఒక కథ చివరిదాకా కుదురుగా కూర్చోవాలి. పదిహేను రోజులాగి మళ్ళీ తీసుకురండి, అప్పుడు చెప్తాం," అంది.

దారి పొడుగునా మా ఆయన, "పరువు తీశారు తల్లీకూతుళ్ళు. నీ కుదురులేనితనమే దానికీ వచ్చింది," అంటూనే ఉన్నారు. "ఆ మాత్రం నేర్పుకోలేకపోయావా?" అన్నారు అత్తగారు గుమ్మంలోనే. నాకు కోపం రావాల్సింది. దానికంటే ముందు కుతూహలం వచ్చింది. అద్దం మార్చి చూడటం నాకు అలవాటైన పనే కదా. అందుకే పిల్లని గదిలోకి తీసుకెళ్ళి పుస్తకమిచ్చి, "ఇప్పుడు నాన్నలా చదువు," అన్నాను.

బుడంకాయ వెనక్కి జారగిలబడి, కాలు మీద కాలేసి, పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి పుస్తకం వెనకనుంచి, "టీ!" అని వినిపించింది.

"మరి నాన్న లేవరా?"

"చదువుకుంటున్నాడు కదా, ఎలా లేస్తాడు?"

"పోనీ, నానమ్మలా?"

ఈసారి పుస్తకం మూసి నా చేతిలో పెట్టేసింది. "నానమ్మకి ఎవరూ పుస్తకమివ్వలేదు," అంది.

నవ్వుతూ మొదలుపెట్టిన పరీక్షలో నాకు ఏడుపొచ్చింది. నేను దానికి చదవడం నేర్పుతున్నాననుకున్నాను. అది మాత్రం ఈ ఇంట్లో ఎవరు ఎలా చదవాలో నేర్చేసుకుంది. ఆడపిల్ల కాబట్టి, పేజీకోసారి లేచే నా పద్ధతే తనదనుకుంది.

మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చాక నేను పొయ్యి వెలిగించలేదు. ముందుగదిలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాను. అత్తగారు టీవీ ముందున్నారు. ఎలుగుబంటి దారి తప్పి అడవిలో తిరుగుతోంది. మూడో పేజీలో ఉండగా లోపలి గదినుంచి మా ఆయన కేక వినిపించింది. "ఇదిగో, నా ఛార్జరెక్కడ?"

"వస్తున్నా!" అంటూ బుడంకాయ నా ఒళ్ళోంచి జారింది.

ఆయన పిలిచింది నన్ను. లేచింది అది. రెక్క పట్టుకుని వెనక్కి లాక్కున్నాను. "వెతుక్కోండి. మేం చదువుకుంటున్నాం," అని గట్టిగా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. నాలుగో పేజీ చదివాను, ఐదో పేజీ చదివాను. అది ప్రతి పేజీ చివరా నా మోకాళ్ళ వంక చూస్తోంది, ఎప్పుడు లేస్తాయా అని. ఎనిమిదో పేజీకి టీవీ చప్పుడు తగ్గింది. అత్తగారు మా వైపు తిరిగి కూర్చున్నారు. పదో పేజీకి పిల్ల నా మోకాళ్ళ సంగతి మర్చిపోయింది. "తర్వాత? తర్వాత?" అంటూ నా వేలిని ముందుకి తోస్తోంది. ఈ పుస్తకంలో అంత దూరం మేమెప్పుడూ రాలేదు.

మా ఆయన ఛార్జరు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. పొయ్యి వంక, నా వంక చూశారు. "సరేలే. దానికి సీటు వచ్చేదాకానేగా ఈ గొడవ," అన్నారు, పెద్ద మనసు చేసుకున్నట్టు.

"సీటు వస్తే అది బడికెళ్ళి చదువుకుంటుందండీ," అన్నాను పేజీ తిప్పుతూ. "ఈ వేళప్పుడు ఇక్కడ చదువుకునేది నేను."