రొట్టె మీద ఒట్టు

ఉలార్ విసిరిన టీ గిన్నె బాత్మా చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు తగిలి ముక్కలైంది. వేడి టీ ఆమె మెడ మీద చిందింది.

"ఇందులో ఏదో కలిపావు!" అరిచాడు ఆమె చిన్నకొడుకు. "వారం నుంచీ నా నాలుక మొద్దుబారిపోతోంది. నన్ను చంపమని నీకెవరు చెప్పారు?"

"కన్నతల్లి విషం పెడుతుందట, విన్నారా!" గుమ్మంలోంచి వెక్కిరించాడు పెద్దవాడు జెనిష్. గొర్రెలను కట్టే తాడు అప్పటికే అతని చేతిలో ఉంది.

ఉలార్ మాంసం కోసే కత్తి అందుకున్నాడు. నేలమీద పరిచిన భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్, మీదున్న రొట్టెను తల్లి ముందుకు తోశాడు.

"దీనిమీద చెయ్యేసి కలపలేదని చెప్పు."

"వేసెయ్యమ్మా," అన్నాడు జెనిష్. "పిచ్చోడికి వేసే ఒట్టు కూడా ఒక ఒట్టేనా?"

చలికాలంలో ఆమె అలాగే ఒట్టేసింది. ఉలార్ నమ్మి తాగాడు. తర్వాత ఏం కనిపెట్టాడో, తనే ఒలుచుకున్న గుడ్లు తప్ప ఆమె చేతిది ఏదీ ముట్టలేదు. బుగ్గలు పీక్కుపోయాయి. ఈమధ్యే మళ్ళీ టీ తాగుతున్నాడు. ఆమె మళ్ళీ అతని మతి కుదుటపడటానికి ఆస్పత్రివాళ్లిచ్చిన మాత్ర పొడిచేసి కలుపుతోంది.

రొట్టె దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కలిపాను. మందు కలిపాను. చలికాలంలోనూ కలిపి, అబద్ధపు ఒట్టేశాను. నీ అనుమానం నిజమేరా."

ఉలార్ పిడికిలి ఆమె నోటి మీద పడింది. పన్ను ఊడి నోరంతా రక్తమైంది. జెనిష్ తమ్ముడి మీదకు దూకాడు. కత్తి పొయ్యి కిందకు జారిపోయింది. తమ్ముణ్ణి డొక్కల్లో తన్ని, తాడు మెడకు చుట్టాడు. ఉలార్ కళ్లు తేలేశాడు.

బాత్మా పెద్దవాడి జుట్టు రెండు చేతులా పట్టి వెనక్కి లాగింది.

"వదల్రా!"

"నీ పళ్లు రాలగొట్టాడే!"

"నన్ను కొట్టినందుకు వాణ్ణి నేనడుగుతాను. ఇకమీద ఈ ఇంట్లో వాణ్ణెవరూ కట్టరు. కత్తులన్నీ పక్కన మీ ఇంటికి పట్టుకుపో. భయమేస్తే నేనే కేకేస్తాను."

జెనిష్ తిట్టుకుంటూనే కత్తులు ఏరుకుని వెళ్లాడు.

ఆమె రక్తం ఉమ్మి, మాత్రల అట్టను దస్తర్‌ఖాన్ మీద పెట్టింది. మరో గిన్నెలో టీ పోసి, సగం తాను తాగి, అతని వైపు జరిపింది.

"మందు ఇదిగో, బయటే ఉంది. టీలో ఏం లేదు. నువ్వు కొట్టింది తప్పు. దానికి ఊరుకోను."

గోడవారన ముడుచుకున్న ఉలార్ దగ్గుతూ అట్టకేసి చూశాడు.

"దీనివల్లేనా చేతులు వణికేది?"

"వణుకుతున్నాయా? చెప్పలేదేం?"

"మందిస్తున్నట్టు తెలిస్తేగా చెప్పడానికి?"

బాత్మా తలగుడ్డ కొసను పెదవికి అదుముకుంది.

"రేపు డాక్టరమ్మతో నువ్వే చెప్పు. వస్తావా?"

"అన్న రాకూడదు."

"రాడు."

అతను టీ తాగాడు. మందు జోలికి పోలేదు.