మూడు నెలలు దాటిన చేతులు

నేను ఒక రెండు సీట్ల విమానాన్ని. పేరు గొప్పే గాని, నా రెక్క కింద నిలబడితే పొడుగాటివాళ్లకు తల తగులుతుంది. ఎక్కడో విదేశంలో పుట్టి, ఓడలో విడిభాగాలుగా వచ్చి, ఇద్దరు యజమానుల చేతులు మారి, చివరికి గోదావరి జిల్లాలో ఓ ఫ్లయింగ్ క్లబ్బుకు చేరాను. ఇక్కడ నన్ను గంటల లెక్కన అద్దెకిస్తారు, పెళ్లిళ్లకు కుర్చీలు ఇచ్చినట్టే. కాకపోతే కుర్చీని సరిగ్గా దించకపోయినా ఎవరి ప్రాణమూ పోదు.

అందుకే క్లబ్బువాళ్లు ఒక నిబంధన పెట్టారు. గడిచిన మూడు నెలల్లో నన్ను స్వయంగా ఎగరేసి దించినవాళ్లకే నన్ను అప్పగిస్తారు. లేదంటే శిక్షకురాలు కెప్టెన్ మృదులను పక్కన కూర్చోబెట్టుకుని, ముందు అలవాటు పోయి తమ చెయ్యి తప్పలేదని చూపించాలి. ఇంత చిన్న సంగతి దగ్గర చదువుకున్న మనుషులు పడే పాట్లు చూస్తే, ఇంజన్ ఆపేసి ఉన్నా నాకు ఒళ్లు మండుతుంది. ఒకాయన గడువు ముగిసే రోజున పరుగున వచ్చి, ఒక్క చుట్టు తిప్పి, మళ్లీ గడువు చివరిదాకా కనబడడు. ఇంకొకాయన లైసెన్సు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉందంటాడు. మరి నన్ను దించేది బీరువానా?

అందరిలోకీ నన్ను ఎక్కువ విసిగించినవాడు వర్ధనరాజు. రైసు మిల్లు యజమాని, క్లబ్బులో పాత సభ్యుడు. మంచివాడే, నా తలుపు కూడా నెమ్మదిగా వేస్తాడు. పెళ్లిరోజున భార్య సుభాషిణిని నాలో ఎక్కించి గోదావరి చూపిస్తానని చుట్టాలందరికీ చెప్పేశాడు. ఆవిడకు మేడ మీంచి కిందికి చూడాలన్నా భయం. అయినా ఆయన మీది నమ్మకంతో సరేనంది. ఆ నమ్మకమే నాకు గుబులు పుట్టించింది.

ఆ మూడు నెలల్లోనూ ఆయన నాలో ఎక్కుతూనే ఉన్నాడు, కాదనను. స్నేహితుడు చక్రధర్‌తో కలిసి, అద్దె చెరిసగం వేసుకుని వచ్చేవాడు. ఎగరేసేదీ దించేదీ చక్రధర్. ఈయన పక్క సీట్లో జీడిపప్పు నములుతూ పొలాలు చూసేవాడు. అద్దెలో సగం తనది కాబట్టి ల్యాండింగులోనూ సగం తనదేనని నిజంగానే నమ్మాడు. నన్ను పట్టుకున్న చేతులు ఎవరివో నాకు తెలియదా?

పెళ్లిరోజు ఉదయం సుభాషిణి పట్టుచీర కట్టుకుని, చుట్టాలతో కలిసి కంచె దగ్గర నిలబడింది. మృదుల తాళం ఇవ్వలేదు. చక్రధర్ దించినవి లెక్కలోకి రావని, ముందు తనతో ఒక చుట్టు తిరగాలని చెప్పింది. రాజుగారి మొహం మాడిపోయింది.

"పాతికేళ్ల నుంచి తోలుతున్నానండి దీన్ని. మా ఆవిడ ముందు నాకు పరీక్షేంటండి?"

"విమానానికి మీ పాతికేళ్లు తెలియవండి. ఈ మూడు నెలలే తెలుసు," అంటూ ఆమె కుడి సీట్లో కూర్చుంది.

పైకి బాగానే లేచాం. దిగేటప్పుడు, రన్‌వే ఇంకా చాలా కింద ఉండగానే నేల అందిందనుకుని ఆయన నా ముక్కు పైకెత్తాడు. వేగం పోయి బస్తాలా పడ్డాను. చక్రాలు అదిరి మళ్లీ గాల్లోకి ఎగిరాను, ఒక రెక్క వాలింది. ఆయన చేతులు బిగుసుకుపోయాయి. మృదుల కంట్రోలు అందుకుని, నన్ను మళ్లీ పైకి తీసుకెళ్లి, చుట్టు తిప్పి తనే దించింది. నేను ఆగాక ఆయన కుడి సీటు వంక చూశాడు. అందులో ఉండాల్సింది ఎవరో తలచుకున్నట్టున్నాడు. నాకు కోపం పోయి జాలేసింది.

కంచె దగ్గరికి వెళ్లి, చుట్టాలు వింటుండగానే భార్యతో అన్నాడు: "ఇవాళ నిన్ను ఎక్కించనే. నాకు చెయ్యి తప్పింది."

ఆ తర్వాత వారం వారం వచ్చి నా టైర్లు అరగదీశాడు. మృదుల తిడుతూనే నేర్పింది, నేను తిట్టుకుంటూనే మోశాను. చివరికి ఒక సాయంత్రం ఆమె తాళం ఆయన చేతిలో పెట్టింది. సుభాషిణి కుడి సీట్లో కూర్చుంది. గోదావరి మీద రెండు చుట్లు తిరిగాం గాని, ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని చుక్క నీళ్లయినా చూడలేదు. ఇందుకా నా టైర్లు అరిగింది అని మహా చిరాకేసింది.

తిరిగొచ్చి నేల మీద దిగి, రన్‌వే మీద దొర్లుతున్నాం. షెడ్డు దగ్గర పడుతుండగా ఆవిడ కళ్లు తెరవకుండానే ఆయన చొక్కా పట్టుకుంది.

"ఇంకా ఎంతసేపటికి నేల మీదికి దిగుతామండి?"