ఏడో పాఠం తాళం

గురువారం వచ్చిందంటే అమీర్‌పేటలో మైత్రివనం వెనక సందులో కమలాకర్ జిరాక్స్ దుకాణం ముందు కాలు పెట్టే చోటు ఉండేది కాదు. రెండువేల పదమూడు నాటి మాట. ఆండ్రాయిడ్ కోర్సు చేసేవాళ్లంతా ఆ రోజు గోడకు అంటించే ఒక్క కాగితం కోసం వచ్చేవాళ్లు. ఫోన్లకు ఏ కొత్త వెర్షన్ వస్తోంది, దాంతో ఏ పాత పద్ధతి చెల్లకుండా పోతుంది, ఏ వెబ్‌సైటులో కోడ్ ఊరికే దొరుకుతుంది, మాదాపూర్‌లో ఎవరు ఫ్రెషర్లను పిలుస్తున్నారు, అన్నీ అందులో ఉండేవి. రాసేది ఫణీంద్ర. భీమవరం మనిషి, పక్క మేడ మీది ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాడు. కాగితం చదవడానికి ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. చదవడానికి వచ్చినవాడు నోట్సు, సీడీ కొనకుండా పోడని కమలాకర్‌కు తెలుసు.

కమలాకర్‌ది సిరిసిల్ల. ఇంట్లో అందరూ మగ్గం మీద బతికినవాళ్లే. చదువు ఇంటర్ దాటలేదు. కానీ కొనేవాడు ఎక్కడ తడబడతాడో అక్కడే సరుకు పెట్టాలనే కిటుకు అతనికి బాగా పట్టుబడింది. ఆండ్రాయిడ్ నోట్సులో అందరూ తడబడే చోటు ఏడో పాఠం. యాప్ తయారయ్యాక దానికి ఒక తాళం వేయాలి. చేతితో తిప్పే తాళం కాదు, యాప్ ఎవరిదో ఫోన్ గుర్తుపట్టడానికి కంప్యూటర్లో తయారు చేసే చిన్న ఫైలు. ఎవరి తాళం వాళ్లే చేసుకోవాలి. అక్కడికి వచ్చేసరికి సగం మందికి తప్పులు వచ్చేవి. నోట్సు బాగా లేదని దుకాణం మీదికి వచ్చేవాళ్లు. తయారు తాళం ఒకటి సీడీలోనే పెట్టేస్తే గొడవ ఉండదు గదా అని కమలాకరే ఫణీంద్రకు చెప్పాడు. ఫణీంద్ర కొంచెం నసిగాడు, క్లాసు వరకే కదా అనుకుని పెట్టేశాడు. ప్రతి యాప్‌కూ లోపల ఒక అసలు పేరు రాయాలట. ఆ చోట కమలాకర్ తన దుకాణం పేరు పెట్టించాడు. తెర అడుగున చిన్న అక్షరాల్లో మళ్లీ అదే పేరు. ఖర్చు లేని ప్రచారం అనుకున్నాడు.

నేర్చుకునేవాళ్లు చుక్క కూడా మార్చకుండా టైపు కొట్టేవాళ్లు. మారిస్తే నడవదేమోనని వాళ్ల భయం. ఆ రెండేళ్లలో ఆ సీడీ అమ్ముడుపోయినట్టు ఇంకేదీ పోలేదు.

బోనాల ముందు వారం ఒక మధ్యాహ్నం హైందవి దుకాణానికి వచ్చింది. రెండేళ్ల కింద ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ ఇక్కడే నోట్సు, సీడీ కొనుక్కున్న అమ్మాయి. ఇప్పుడు పంజాగుట్టలో ఒక గుండె డాక్టరు గారి క్లినిక్‌లో కంప్యూటర్ పని చేస్తోంది. ఏడో పాఠంలో ఉన్నది మాత్రల వేళకు మోగే యాప్. దాన్నే బాగు చేసి, ఏ రోగికి ఏ మాత్ర ఎన్ని గంటలకో పెట్టి, క్లినిక్‌కు వచ్చేవాళ్ల ఫోన్లలో కేబుల్ పెట్టి ఎక్కిస్తోంది. నూట నలభై ఫోన్లలో ఉంది. డాక్టరు గారు మెచ్చుకుని జీతం కూడా పెంచారు.

 ఆ రోజు ఆమె చేతిలోని ఒక ఫోన్ కౌంటర్ మీద పెట్టింది.

"కమలాకర్ గారూ, ఇందులో ఉన్నది నేనిచ్చిన యాప్ కాదండి. ఫోనేమో నాదే అంటోంది. నేను తీసేసిన మీ పేరు అడుగున మళ్లీ ఉంది, చూడండి."

ఫోన్ బల్కంపేటలో బట్టలు కుట్టే ఓదెలుది. గుండెలో కవాటం మార్చారు. రక్తం పలచబడడానికి రోజుకు ఒక్క మాత్ర, రాత్రి పూట. అతనికి చదవడం రాదు. ఫోన్ మోగితే మాత్ర వేసుకుంటాడు, మోగకపోతే వేసుకోడు. ఆరు రోజులుగా ఆ ఫోన్ పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదికి మోగుతోంది. మోగినప్పుడల్లా అతను వేసుకున్నాడు. ముందు చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది. తర్వాత మూత్రంలో వచ్చింది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఐసీయూలో ఉన్నాడు. ఎవరో తన యాప్‌లోకి చొరబడ్డారని హైందవి అనుకుంటోంది. ఎలా జరిగిందో రేపు సాయంత్రంలోగా చెప్పకపోతే పోలీసులకు రాసిస్తానని డాక్టరు గారు అన్నారట.

కమలాకర్ తెర వంక చూశాడు. ఎనిమిది, రెండు, ఎనిమిది. అవి నోట్సులో మచ్చుకు రాసిన వేళలు. నోట్సు ప్రతి కాపీ మీదా అతను వాటిని చూశాడు.

"నా పేరు ఎవలన్న రాసుకోవచ్చు గదమ్మా," అన్నాడు. నోరు ముందు ఆ మాటే అంది.

ఆమె వెళ్లగానే మేడ మెట్లు రెండేసి ఎక్కి ఫణీంద్రను క్లాసులోంచి బయటికి పిలిచాడు. ఓదెలు ఇంట్లో ఆండ్రాయిడ్ నేర్చుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోమని ఫణీంద్ర అన్నాడు. కమలాకర్ బల్కంపేటలో తెలిసిన మనిషికి ఫోన్ చేశాడు. ఉన్నాడు. అల్లుడు నర్సింహులు. తన దగ్గర మంచి ఫోన్ లేక, చేసిన పాఠం నడుస్తుందో లేదో చూడడానికి మామ ఫోన్లో వేశాడు. ఉన్నదాని మీద కొత్తది ఎక్కించనా అని ఫోన్ అడిగితే 'సరే' నొక్కి, తెర మీద ఏదో కనబడింది కదా అని సంబరపడి వదిలేశాడు.

ఫణీంద్ర వరండా గోడకు ఆనుకున్నాడు.

"ఫోను రెండే చూస్తుందండి. లోపలి పేరు, తాళం. రెండూ కలిస్తే పాత యాప్ తీసేసి దాని చోట కొత్తది కూర్చోబెడుతుంది. హైందవి గారు రెండూ మార్చలేదు. ఆ అల్లుడూ మార్చలేదు. ఇద్దరికీ ఇచ్చింది మనమే."

ఎవరూ చొరబడలేదన్న మాట. దొంగ ఉంటే కమలాకర్ గుండె కొంచెం కుదుటపడేది.

ఫణీంద్ర గొంతు తగ్గించి, మనం నోరు విప్పకపోతే ఇది ఎవరికీ తేలదన్నాడు. తప్పు 'సరే' నొక్కిన అల్లుడిది, పేరు మార్చని ఆ అమ్మాయిది. నోట్సు ఇచ్చింది నేర్చుకోవడానికి, రోగులకు వాడమని ఎవరు చెప్పారు? ఆ మాటలో పస లేకపోలేదు. కమలాకర్ మెట్లు దిగుతూ బేరీజు వేసుకున్నాడు. చెప్పకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, దుకాణం నిలుస్తుంది. చెబితే దుకాణం పేరు పోతుంది, కేసు తన మెడకు చుట్టుకోవచ్చు. పన్నెండేళ్లు నిలబడి సంపాదించిన పేరు. ఎటు నుంచి తూచినా తక్కెడ ఊరుకోవడం వైపే మొగ్గింది.

 మర్నాడు దుకాణంలో ఎవరి ఫోన్ మోగినా టైమెంతో చూశాడు. పొద్దున పది గంటలకు ఒక అమ్మాయి సీడీ అడిగింది. సంగీత అట, జగిత్యాల నుంచి వచ్చింది. సీడీ కవరులో పెడుతూ, చేసిన యాప్‌ను ఏ ఫోన్లో చూసుకుంటావని ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"మా అమ్మమ్మ ఫోన్ల అన్న. నాది డబ్బా ఫోన్ గదా."

అమ్మమ్మకు ఏమన్న మందులున్నాయా అన్నాడు. కంటి ఆపరేషన్ అయింది, చుక్కలు వేస్తరు, ఎందుకన్న అంది ఆ పిల్ల. గుండె జబ్బు లేదా, పంజాగుట్టకు పోదా అని మళ్లీ అడిగాడు. ఈయనకేమైంది అన్నట్టు ఆమె చూసింది. లేదంది. కమలాకర్ ఊపిరి వదిలాడు. వదిలాకే తట్టింది. ఈ పిల్లను అడిగాడు. ఇదివరకు తొమ్మిది వందల మంది సీడీలు పట్టుకుపోయారు. వాళ్లను ఎవరడగాలి? అందరూ అమ్మ ఫోన్లోనో, తాత ఫోన్లోనో వేసి చూసుకునేవాళ్లే. నిన్న తూచినప్పుడు ఒక తట్టలో హైందవి ఉద్యోగాన్ని, ఓదెలు ఒక్కణ్ణే పెట్టాడు.

ఆ పిల్ల చేతిలోంచి సీడీ వెనక్కి తీసుకుని, ఇప్పుడు లేదు పొమ్మన్నాడు. షట్టర్ సగానికి దించి పంజాగుట్టకు బయల్దేరాడు. మెట్రో పనులకు రోడ్డంతా తవ్వి ఉంది. బస్సులు కదలడం లేదు. నడిచే వెళ్లాడు.

క్లినిక్‌లో హైందవిని పక్కకు పిలిచి అంతా చెప్పాడు. తాళం ఎవరి ఆలోచనో కూడా చెప్పాడు.  ఆమె తిట్టలేదు. 

"నిన్న అడిగినప్పుడే చెప్పుంటే బావుండేదండి," అంది. "ఒక రోజు పోయింది. ఒక రోజంటే మూడు మాత్రలు."

కొత్త తాళంతో యాప్ మళ్లీ చేసినా ఫోన్లు వాటంతట అవి మార్చుకోవు. తాళం వేరైతే ఫోన్ దాన్ని పరాయిదిగా చూస్తుంది. పాతదాన్ని చేత్తో తీసేయాలి. అంటే నూట నలభై మందికీ ఒక్కొక్కరికి ఫోన్ చేయాలి. డాక్టరు గారికి ఆమే చెప్పింది. ఆయన కమలాకర్ వంక చూసి, నీ సంగతి తర్వాత అని, రోగుల పట్టికలో సగం చించి అతని చేతిలో పెట్టారు.

సాయంత్రందాకా ఇద్దరూ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మీ ఫోన్ రోజుకు ఎన్నిసార్లు మోగుతోంది? అదొక్కటే ప్రశ్న. జవాబు పట్టికలోని లెక్కకు కలిసినప్పుడల్లా కమలాకర్ ఆ పేరు మీద గీత కొట్టాడు. పట్టికలో రోజుకు ఒక్క మాత్రే ఉన్న జోగారావు అనే రిటైరైన పెద్దాయన, మీకు పనీపాటా లేదా అని చిరాకుపడి, మూడుసార్లు, ఎల్లుండికి మాత్రలు అయిపోతాయి, ఇంకో డబ్బా తీసిపెట్టండి అన్నారు. కమలాకర్ చెయ్యెత్తి డాక్టరు గారిని పిలిచాడు. డాక్టరు గారే ఫోన్ అందుకుని, ఉన్నపళంగా వచ్చి రక్తపరీక్ష చేయించుకోమన్నారు. అలాంటివారు ఇంకొకరు తేలారు, ఇద్దరి ఇళ్లలోనూ కోర్సు చేసే పిల్లలున్నారు. నలుగురు ఎత్తలేదు. చీకటి పడే వేళకు ఓదెలుకు నెత్తురు ఆగిందని కబురు వచ్చింది. గండం పూర్తిగా గట్టెక్కిందని మాత్రం ఎవరూ అనలేదు.

మర్నాడు గురువారం. ఆ వారం కాగితం ఫణీంద్ర రాయనన్నాడు. కమలాకర్ చెబుతుంటే డీటీపీ చేసే మనిషి కొట్టాడు. మా సీడీలో ఏడో పాఠం తాళం ఎవరూ వాడొద్దు. దాంతో చేసిన యాప్ ఇంట్లో ఎవరి ఫోన్లో వేసినా ఈ రోజే తీసేయండి. ఇంట్లో మందులు వాడేవాళ్లుంటే ముందు వాళ్ల ఫోన్ చూడండి. తప్పు మాది. కింద దుకాణం పేరు, ఫోన్ నంబరు.

గోడకు అంటించాడు. చదివినవాళ్లు గొణుక్కుంటూ, ఫోన్లు తీసి ఇళ్లకు మాట్లాడుతూ సందు చివరికి జరిగారు. ఒకతను మాత్రం కౌంటర్ దగ్గరికి వచ్చి, ఈ సీడీ ఇక్కడ కొన్నది కాదన్నా, రోడ్డవతల బుల్లబ్బాయి దుకాణంల తక్కువకు దొరికింది, దాంట్ల సుత నీ పేరే ఉంది అన్నాడు.

కమలాకర్‌కు అది కొత్త సంగతి కాదు. అమీర్‌పేటలో ఒకరి సరుకు ఒకరు కాపీ కొట్టని దుకాణం లేదు. తానూ కొట్టినవాడే. తన పేరుతోనే కాపీ పోతోందని లోలోపల మురిసిపోయేవాడు కూడా. కాగితాల కట్ట చంకన పెట్టుకుని రోడ్డు దాటాడు.

బుల్లబ్బాయిది అమలాపురం. ఐదేళ్లుగా ఇద్దరి మధ్యా మాటల్లేవు. అతను కాగితం చదివి నవ్వాడు.

"ఏంటి కమలాకర్ గారూ, మీ తప్పు నా గోడ మీద అంటించుకోమంటారా?"

కమలాకర్ ఓదెలు సంగతి చెప్పాడు. చిగుళ్ల సంగతి చెప్పాడు. బుల్లబ్బాయి నవ్వు మెల్లగా ఆరిపోయింది. సొరుగు లాగి కొరియర్ రసీదుల కట్ట బయటపెట్టాడు. కాకినాడ, విజయవాడ, కరీంనగర్, అనంతపురం, నెల్లూరు. అన్నీ జిరాక్స్ దుకాణాలే.

"నేను పంపింది ఒక్కో సీడీయేనండి," అన్నాడు. "వాళ్లు అక్కడ ఎన్ని కాపీలు తీసుకున్నారో నాకెలా తెలుస్తుంది?"

అక్కడ కూడా హైందవిలా ఆ పాఠాన్ని రోగుల ఫోన్లలో ఎక్కించేవాళ్లు ఉండొచ్చని కమలాకర్‌కు తోచింది. ఎవరి ఊళ్లోనో, ఎవరి ఇంట్లోనో, చదవడం రాని ముసలివాళ్లు తన పేరున్న తెర ముందు మాత్ర చేతిలోకి తీసుకుంటున్నట్టు కనిపించింది. వాళ్లకు ఫోన్ చేద్దామంటే ఏ పట్టికా లేదు.

బుల్లబ్బాయి కాగితాన్ని మిషన్ అద్దం మీద బోర్లా పెట్టి, ఎన్ని తియ్యమంటారని అడిగాడు.

"తీస్తనే ఉండు భాయ్. కాగితం అయిపోతే నా దుకాణంల ఉన్నది తెస్త."

మిషన్ తిరగడం మొదలైంది. కమలాకర్ ఖాళీ కవర్లు ముందేసుకుని, మొదటి రసీదు చూసి కాకినాడ అడ్రసు రాశాడు. తొందరలో పిన్ కోడులో ఒక అంకె తప్పు పడింది. ఆ కవరు పక్కన పడేసి, ఇంకొకటి తీసుకుని మళ్లీ రాశాడు.