లేని మనిషికి మాత్ర

"మీ ఆయన ఇక్కడ లేడమ్మా! ఇన్నిసార్లు గోడకి చెప్పుంటే అదీ వినేది," విసుక్కున్నాడు ఇన్‌స్పెక్టర్.

లాయరమ్మ సంచిలోంచి మాత్రల పొట్లం తీసింది. స్టేషన్లో వాదనకి దిగకూడదన్నది ఆవిడ పద్ధతి. నోరు కోర్టుకి, కళ్ళూ చెవులూ ఇక్కడికి.

పక్కనే బిక్కచచ్చి నిలబడింది మిల్లు కార్మికుడి భార్య. యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్న తోటివాడి తరఫున నోరెత్తాడని మూడు రోజుల కిందట ఆమె మొగుణ్ణి జీపెక్కించుకుపోయారు. చూసినవాళ్ళంతా ఇప్పుడు చూళ్ళేదంటున్నారు. పదిన్నరకి జడ్జిగారి ముందుకి, అతన్ని కోర్టులో హాజరుపరచమన్న పిటిషన్ వస్తుంది. అతను ఇక్కడే ఉన్నాడనడానికి ఆవగింజంత సాక్ష్యం లేదు.

"అతనికి మూర్ఛ జబ్బు. ఈ పూట మాత్ర పడకపోతే ప్రమాదం. ఈ కాయితం మీద సంతకం పెట్టి తీసుకోండి," అంది లాయరమ్మ.

"లేనివాడికి మాత్రేంటి? సంతకమేంటి?"

"సరే, పట్టుకుపోతాం."

ఆవిడ లేచింది. కావాలనే మెల్లగా నడిచింది. భయపడి వాళ్ళే పిలుస్తారని ఎత్తు. గేటు దాకా వచ్చినా ఎవరూ పిలవలేదు.

భార్య ఆవిడ కొంగు పట్టుకుంది. "నీ సాక్ష్యం మట్టిగొట్టుకుపోనీ అక్కా! ఆయన లోపల కొట్టుకుంటూ పడిపోతే? ఇచ్చెయ్యి."

లాయరమ్మకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. గిరుక్కున వెనక్కి తిరిగి, గుమ్మం దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ చేతిలో పొట్లం పెట్టేసింది. సంతకం ఊసెత్తలేదు.

కానిస్టేబుల్ పొట్లం వంక చూశాడు. లోపలికి తొంగిచూసి గొంతు తగ్గించాడు.

"నిన్నట్నుంచి ఏం పెట్టినా ముట్టడం లేదండీ. పరగడుపున వెయ్యొచ్చా?"

అనేసి నాలిక్కరుచుకున్నాడు. "నేనేం అనలేదు మేడమ్!"

"మేమూ ఏం అడగలేదు తమ్ముడూ. బతిమాలైనా సరే, ముందు ఏదన్నా తినిపించి వెయ్యి."

రోడ్డు మీదికి రాగానే భార్య బావురుమంది. "ఉన్నాడక్కా! ఉన్నాడు!"

"ఏడుపు తర్వాత. తొమ్మిదీ పది అయింది. ఆ కానిస్టేబుల్ అన్న మాట పొల్లుపోకుండా చెప్పు. నీ ప్రమాణపత్రంలో రాయాలి."

లాయరమ్మ ఫైలు మోకాలి మీద పెట్టుకుంది. పెన్ను మూత ఎంతకీ రాలేదు. వేళ్ళు మూత మీంచి జారిపోతున్నాయి.

భార్య కళ్ళు తుడుచుకుని, పెన్ను అందుకుని మూత తీసి ఇచ్చింది.