వంటవాడు లేని ఓడ

అక్క లేచి హాలు తలుపు దగ్గరికి వెళ్లడం అది నాలుగోసారి. మొదటిసారి మంచినీళ్లకి వెళ్లింది. రెండోసారి టీకి. మూడోసారి టీ కప్పు పారేయడానికి. ఈసారి వంకేమీ దొరకలేదు. తలుపు తీసి వరండా చివరిదాకా చూసి, తిరిగొచ్చి కూర్చుంది.

అది ఏడాదికోసారి జరిగే సభ. టీవీలో సీరియల్ అయిపోయినా దాన్ని వదలలేక, ఆ మనుషుల కథని సొంతంగా పొడిగించి ఇంటర్నెట్‌లో రాసుకునేవాళ్లు ఒక స్కూలు హాలు తీసుకుని కలుసుకుంటారు. సీరియల్‌కో బల్ల. ఎవరి బల్ల దగ్గర వాళ్లే కూర్చోవాలి. అసలు పేర్లు అడగరు. ఇంటర్నెట్‌లో పెట్టుకున్న పేరే చీటీ మీద రాసి బట్టలకి తగిలించుకోవాలి.

డిటెక్టివ్ సీరియల్ బల్ల చుట్టూ ఇరవైమంది చేరారు. ఓడ సీరియల్ బల్లకి ఉన్నవి రెండే కుర్చీలు. ఒకదాంట్లో అక్క కూర్చుంది. ఆమె చీటీ మీద ‘లంగరు’ అని ఉంది. రెండో కుర్చీ ఖాళీ. దాని ముందు ‘తెరచాప’ అన్న చీటీ, పక్కన పిన్నీసు.

తెరచాప ఆమె చెల్లెలు. ఎనిమిది నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు.

డిటెక్టివ్ బల్ల నుంచి ఒకాయన వచ్చి ఖాళీ కుర్చీ మీద చెయ్యేశాడు.

“ఇది తీసుకోవచ్చాండీ?”

“మనిషి వస్తుంది.”

“పోయినేడు మీరు ముగ్గురున్నట్టు గుర్తు?”

“ఒకాయన రాజుల సీరియల్‌కి మారిపోయాడు.”

“ఇరవై ఆరు భాగాలకే ఆపేశారు మీ సీరియల్‌ని. ఇంకా మునగలేదా తల్లీ మీ ఓడ?”

“మీ డిటెక్టివ్‌కి హంతకుడు దొరికిన రోజు చెప్పండి, ఆ రోజే మునుగుతాం.”

ఆయన నవ్వుకుంటూ పోయాడు. అక్క నవ్వలేదు. బల్ల కింద ఆమె కుడికాలు ఊగుతూనే ఉంది.

ఓడ కథని అక్కాచెల్లెళ్లు తొమ్మిదేళ్లు రాశారు. బేసి అధ్యాయాలు అక్కవి, సరి అధ్యాయాలు చెల్లెలివి. నూట ఎనభై ఎనిమిదో అధ్యాయంలో చెల్లెలు వంటవాణ్ణి సముద్రంలో పడేసింది. తుఫాను లేదు, కొట్లాట లేదు. పొద్దున్నే టీ కాచి, డెక్కు మీదికి వెళ్లి, కాలు జారి పడ్డాడు. ఓడలో అందర్నీ నవ్వించేది ఆ వంటవాడే. అతని నోట్లో మాటలు చాలావరకు అక్క పెట్టినవే. అక్క ఆ అధ్యాయాన్ని బస్సులో చదివి, దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఆ సాయంత్రమే నూట ఎనభై తొమ్మిది రాసి పెట్టేసింది. మొదటి వాక్యంలోనే వంటవాడు ఉలిక్కిపడి లేచాడు. సముద్రంలో పడ్డట్టు కల వచ్చిందన్నాడు.

రాసేముందు చెల్లెలితో ఒక్క ముక్క అనలేదు. చెల్లెలు ఫోన్ చేసింది. “కలా?” అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత నూట తొంభై రాలేదు. ఇద్దరూ పెళ్లిళ్లలో ఎదురుపడినా, చెప్పాల్సింది పక్కనున్న పిన్నిచేత చెప్పించుకున్నారు.

పదకొండు దాటాక చెల్లెలు వచ్చింది. ఆమె కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, గోళ్ల సందుల్లో తెల్లపొడి ఉంది. పిన్నీసు తీసి చీటీ తగిలించుకుంది. అక్క వైపు చూడలేదు. కుర్చీని కొంచెం పక్కకి తిప్పుకుంది.

వేదిక మీద ఒకాయన గంట కొట్టాడు. మందుల షాపు నడిపి మానేసిన మనిషి. అందరూ గంట మాస్టారు అంటారు.

“పొడుగు రాతలు ఇవాళ బంద్. వంద మాటల్లో కథ. తొంభై తొమ్మిది కుదరదు, నూటొకటి కుదరదు. నలభై నిమిషాలు.”

“మాస్టారూ, మా డిటెక్టివ్‌కి గొంతు సవరించుకోడానికే వంద పడతాయి!” అన్నారు డిటెక్టివ్ బల్ల నుంచి.

“గొంతు ఇంట్లో సవరించుకోమను. రాశాక కాగితం పక్కవాళ్లకివ్వండి. వాళ్లు మాటకో చుక్క పెట్టి లెక్క వేస్తారు. చుక్క తప్ప ఇంకేమీ పెట్టకూడదు. ఎక్కువైతే కోసుకోవాల్సింది రాసినవాళ్లే. కోసిన మాట చీటీ మీద రాసి మీ బల్ల మీద డబ్బాలో వెయ్యండి. తక్కువైనవాళ్లు అందులోంచి తీసుకోండి.”

అక్క ఏడుసార్లు మొదలుపెట్టింది. ప్రతిసారీ వంటవాడు పొయ్యి ముందుకి వచ్చేవాడు, ఒక జోకు వేసేవాడు, యాభై మాటలు అయిపోయేవి. మధ్యలో నీళ్లకి లేచింది. సీసా నిండుగానే ఉందని చూసుకుని కూర్చుంది. గంట కొట్టేసరికి కాగితం నిండింది.

ఇద్దరూ కాగితాలు మార్చుకున్నారు. చెల్లెలు చకచకా చుక్కలు పెట్టి, కింద 143 అని రాసి, ఒక్క వేలితో వెనక్కి తోసింది.

అక్క చెల్లెలి కాగితం దగ్గరికి లాక్కుంది.

‘వంటవాడు పోయిన మర్నాడు టీ ఎవరూ కాచలేదు. కెప్టెన్ వచ్చి పొయ్యి ముందు నిలబడ్డాడు. ఇరవై ఏళ్లు ఆ ఓడలో ఉండి, అగ్గిపెట్టె ఎక్కడ ఉంటుందో చూసుకోలేదు పాపం.’

ఆ తర్వాత కెప్టెన్ ఒక్కొక్క డబ్బా తీసి, లోపల చూసి మూత పెట్టాడు. రేడియో ఆపరేటర్ తలుపు దగ్గరికి వచ్చి, ఇదంతా కలేమో అన్నాడు. ‘కాదు’ అన్నాడు కెప్టెన్. ఇంకో డబ్బా తీశాడు.

అక్క చుక్కలు పెట్టింది. నూటొకటి వచ్చాయి. మళ్లీ వెనక నుంచి లెక్కపెట్టింది. నూటొకటే. ‘పాపం’ అక్కర్లేదని ఆమెకి కనబడుతూనే ఉంది.

ఆమె దుస్తుల ఫ్యాక్టరీలో తనిఖీ మనిషి. కుట్టు పక్కకి పోయినచోట బాణం గుర్తు స్టిక్కరు అంటిస్తుంది, చొక్కా వెనక్కి పోయి సరై వస్తుంది. పంతొమ్మిదేళ్లుగా అదే పని. స్టిక్కర్ల చుట్ట సంచీలోనే ఉంది. చెయ్యి అటు పోయింది.

“అంటిస్తావా?” అంది చెల్లెలు.

ఎనిమిది నెలల తర్వాత అది మొదటి మాట. అక్క చెయ్యి సంచీ మీద ఆగింది.

“ఎందుకు చంపావే వాణ్ణి?”

“నేను చంపలేదు. పోయాడు. వాడు పోతే మిగతావాళ్లు ఏం చేస్తారో రాద్దామనుకున్నా. నువ్వు రాయనిచ్చావా?”

“నన్నడగొచ్చుగా ముందు?”

“నువ్వడిగావా, కల అని రాసేటప్పుడు? రెండో క్లాసులో గుర్రం బొమ్మ వేశాను. అయిదు కాళ్లు. బడికి పట్టుకెళ్లి చూస్తే నాలుగే ఉన్నాయి. రబ్బరుతో చెరిపేశావు.”

“గుర్రానికి అయిదు కాళ్లుంటాయా?”

“నా గుర్రానికున్నాయక్కా!”

డిటెక్టివ్ బల్ల వాళ్లు తిరిగి చూశారు. గంట మాస్టారు గంట కొట్టాడు. “గుర్రాల సంగతి తర్వాత. కోసుకోవడానికి అయిదు నిమిషాలే ఉంది.”

అక్క సంచీ మీంచి చెయ్యి తీసింది. పెన్సిలు పట్టుకుంది. పెన్సిలు మొన ‘పాపం’ మీద అటూ ఇటూ ఆడింది. కాగితం కిందికి పోయి 101 అని రాసింది. కాగితం తోసేసింది.

చెల్లెలు తన కాగితం మొదటి నుంచి చివరిదాకా చూసుకుంది. ఎక్కడా ఏ గీతా లేదు, చుక్కలే ఉన్నాయి. మళ్లీ చూసుకుంది.

“ఏది తీసెయ్యనక్కా?”

“నాకేం తెలుసు? నీది.”

చెల్లెలు కింది వాక్యాల్లో ఒకచోట ఉన్న ‘కాసేపు’ అన్నదాన్ని కొట్టేసింది. చీటీ రాసి డబ్బాలో వేసింది. ‘పాపం’ అలాగే ఉంది. అక్క పళ్లు బిగించి కిటికీ వైపు చూసింది.

తర్వాత సంచీలోంచి ఫోన్ తీసింది. నూట ఎనభై తొమ్మిదో అధ్యాయం తెరిచింది. దాని కింద ముప్పై ఆరుగురు వంటవాణ్ణి బతికించినందుకు థాంక్స్ చెప్పారు. చెరిపేయమని నొక్కింది. నిజంగా చెరిపెయ్యాలా అని ఫోన్ అడిగింది. ఆమె కాలు ఇంకా ఊగుతోంది. నొక్కి, ఫోన్‌ని చెల్లెలి ముందు పెట్టింది.

చివరి అధ్యాయం నూట ఎనభై ఎనిమిది అని ఉంది.

చెల్లెలు అది చదివింది. ఫోన్ వెనక్కి ఇచ్చేసి, కుర్చీ బల్లవైపు తిప్పుకుంది.

“అంటే ఇప్పుడు వంతు నీదేగా?”

అక్క తన నూట నలభై మూడు మాటల కాగితాన్ని తిరగేసింది. వెనకవైపు ఖాళీగా ఉంది. పెన్సిలు పెట్టింది, తీసింది. మళ్లీ పెట్టింది.

“ఇంతకీ అగ్గిపెట్టె ఎక్కడ పెట్టాడే వాడు?”

“నాకేం తెలుసు?” అంది చెల్లెలు. “నీది.”