నాలుగో నంబర్ ట్యాంకర్ మాట్లాడుతోంది

ఓపెన్‌కాస్టు గనిలో దుమ్ము లేవకుండా, బండ్లు తిరిగే హాల్ రోడ్ల మీద నీళ్లు చల్లే ట్యాంకర్‌ను పదిహేనేళ్లు నడిపాను. దుమ్ము లేవడం ఆగలేదు గానీ నా నడుము లేవడం ఆగిపోయింది. ఇంకో ఏడాది స్టీరింగ్ పడితే ఆ తర్వాత చేతికర్రే పట్టాలన్నాడు గోదావరిఖని డాక్టరు. చెప్పేటప్పుడు నా ముఖం కూడా చూడలేదు, ఎక్స్‌రే చూస్తూ చెప్పాడు.

ఆ వారమే మా కంట్రాక్టు కంపెనీ రిపోర్టు క్యాబిన్‌లో కుర్చీ ఖాళీ అయింది. గంటకోసారి చెన్నై హెడ్డాఫీసుకు ఫోన్ చేసి ఏ బండి ఎక్కడుందో చెప్పడమే పని. అక్కడి మేడానికి తెలుగు రాదు, హిందీ రాదు. ఇంగ్లీషే మాట్లాడాలి. డిగ్రీ చదివిన పిల్లలు ఈ దుమ్ముకు రారు. ఏడో తరగతిలో బడి మానినా నాకు బండి నంబర్లు, గనిలో మెట్లుగా తవ్విన బెంచీల పేర్లు ఇంగ్లీషులో వచ్చు. పైగా ఆ క్యాబిన్‌లో ఫ్యాన్ ఉంది, కుర్చీకి వీపు ఉంది.

"నెల దినాలు చూస్త, పోశమన్నా," అన్నాడు సైటు ఇంచార్జి శివ సారు. "తేడా వస్తే మళ్ల ట్యాంకరే."

మా గనిలో పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, బండితోనే పిలుస్తారు. "ఏడో నంబర్‌కు ఆకలైతుందట", "రెండో నంబర్ బిడ్డ పెండ్లట" అంటారు. నేనెప్పుడు ఫోనెత్తినా "నాలుగో నంబర్ ట్యాంకర్ మాట్లాడుతున్నది" అనేవాణ్ణి. పదిహేనేళ్లలో "నేను" అన్న గుర్తు లేదు. అన్నా అడిగేవాడెవడు?

అందుకని, మనుషుల సంగతి ఇంగ్లీషులో చెప్పడం నేర్చుకుందామని వర్క్‌షాపు మెకానిక్ బద్రుద్దీన్ ఇంటికి పోయాను. అతని బిడ్డ సుమైరా ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు.

"చాచా, హీ అంటే మొగాయన, షీ అంటే ఆడామె, ఇట్ అంటే వస్తువు. గంతే," అంది సుమైరా.

"మరి మట్టి మోసే డంపర్?"

"ఇట్."

"అది నడిపే బుచ్చన్న అండ్ల ఉన్నడు గద?"

"ఆయన హీ."

"డంపర్ బురదల దిగబడ్డది, బుచ్చన్న అండ్లనే పండుకున్నడు. అప్పుడేమనాలె?"

సుమైరా చాక్‌పీసు కింద పెట్టింది. "రెండు ముక్కలు చేసి చెప్పుర్రి చాచా."

"మీ నాయిన?"

"హీ."

"శివ సారు?"

"ఆయన గూడ హీయే. ఇంగ్లీషుల అందరికి ఒక్కటే."

నాకది నచ్చింది. మమ్మల్ని వాడు, వీడు అనే ఆఫీసర్లందరినీ మనసులో ఒక్కొక్కరినే హీ అనుకుంటూ ఇంటికి వచ్చాను. బడిలో లెక్కల సారు గుర్తొచ్చాడు. నన్ను చూపించి "ఇది బాగుపడదు" అన్నవాడు. ఆయన నన్ను ఏడో తరగతిలోనే ఇట్ చేశాడన్నమాట.

కొత్త పనిలో మూడో రోజు ఏడో నంబర్ డంపర్ బుచ్చన్నకు జ్వరం వచ్చి మధ్యలోనే ఇంటికి పోయాడు. ఆ గంట ఫోన్‌లో తొందరలో నోటికి ఏది దొరికితే అది అనేశాను: "బుచ్చన్న నాట్ వెల్. షీ గో హోం."

"షీ?" అంది మేడం.

"యెస్, షీ," అన్నాను గట్టిగా. గట్టిగా అంటే తప్పు దొరకదనుకున్నాను.

రెండు రోజులకు హెడ్డాఫీసు నుంచి నాలుగు పేజీల కాగితం వచ్చింది. ఏడో నంబర్ డంపర్ మీద ఆడమనిషి పనిచేస్తోందా, ఆమెకు విడిగా గది ఉందా, మరుగుదొడ్డి ఉందా, ఇంటికి దిగబెట్టే జీపు ఉందా? శివ సారు ఆ కాగితం నా ముందు పడేసి, "ఇంకొక్కసారి, పోశమన్నా, ఒక్కటే సారి," అని వెళ్లిపోయాడు.

జ్వరం తగ్గి డ్యూటీకి వచ్చిన బుచ్చన్నను క్యాంటీనంతా "రా బుచ్చక్కా, కూసో బుచ్చక్కా" అంది. అతను సీదా నా క్యాబిన్‌కు వచ్చాడు.

"ఏంది బావా, నీకు నేను ఆడిదాని లెక్క కనవడుతున్ననా? గీ మీసాలు ఎవలియి?"

"ఇంగ్లీషుల మీసాలు కనవడయిరా."

"నా పెండ్లాం పొద్దటి సంది నవ్వుతాంది."

ఆ రోజే హీ, షీ, ఇట్ మూడూ మానేశాను. యూ కూడా మానేశాను. అంత పెద్ద మేడాన్ని, ఇంటి ముందు కుక్కను ఒకే మాటతో పిలవడానికి నాకు నోరు రాలేదు. గంట కాగానే గోడ మీది బండ్ల బోర్డు చూసి చదివేవాణ్ణి: "డంపర్ సెవెన్. నార్త్ బెంచ్. లోడింగ్. ట్యాంకర్ ఫోర్. హాల్ రోడ్. రన్నింగ్." ఆమె గుడ్ మార్నింగ్ అన్నా, థ్యాంక్యూ అన్నా నేను చదువుతూనే పోయి ఫోన్ పెట్టేసేవాణ్ణి. మూడు వారాల్లో ఒక్క తప్పు రాలేదు. కుర్చీ వీపు నా వీపుకు అలవాటు పడింది.

ఇరవై ఎనిమిదో రోజు శివ సారు ఫోన్‌లో మెయిల్ తెరిచి తల గోక్కుంటూ వచ్చాడు.

"మంచి వార్తనా సారూ?"

"మంచిదే. నీ రిపోర్టు మస్తు నచ్చిందట. ఇట్ ఈజ్ వర్కింగ్ వెరీ వెల్ అని రాసిన్రు."

ఇట్ అన్న దగ్గర నా చెవి ఆగింది. ఏడో తరగతి సారు చెన్నైలో ఎక్కడైనా పనిచేస్తున్నాడా?

"ఇట్ అంటే వస్తువు గద సారూ?"

"గదే అన్నా. మనం మిషిన్ పెట్టి మాట్లాడిపిస్తున్నమనుకుంటున్రు. మిషిన్ ఉన్నంక కుర్చీల మనిషెందుకు, ఒకటో తారీఖు నుంచి ఆ పోస్టు తీసెయ్యిర్రి అన్నరు."

నడుము లోపల ఎక్కడో ట్యాంకర్ గేరు పడింది.

"మీరు చెప్పుర్రి సారూ, మనిషే అని."

"చెప్పిన. నమ్ముతలేరు. పదకొండు గంటలకు మేడం తానే ఫోన్ చేస్తదట. నువ్వే చెప్పుకో."

పదకొండుకు సంగతి తెలిసి బుచ్చన్న కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నా ఓటమి చూడ్డానికే వచ్చాడనుకున్నాను. ఫోన్ మోగింది.

"హలో? ఈజ్ దిస్ ద రికార్డింగ్?"

అలవాటుగా నోటికి "డంపర్ సెవెన్" వచ్చింది.

"సీ, ఇట్స్ ఎ మెషీన్," అంది మేడం పక్కన ఇంకెవరితోనో.

"నో మెషీన్!" అని అరిచాను. కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు. "ఐ! ఐ పోశం! ఐ మ్యాన్!"

చాల్లేదేమోనని ఇంకా ఇచ్చాను. "ఐ ఫిఫ్టీన్ ఇయర్ ట్యాంకర్! ఐ బ్యాక్ పెయిన్! ఐ చైర్ వాంట్!"

వెనక నుంచి బుచ్చన్న ఫోన్ మీదికి వంగి కేక వేశాడు: "హీ మ్యాన్, మేడం! హీ! నాట్ షీ!"

అవతల నవ్వు మొదలైంది. దగ్గు వచ్చేదాకా నవ్వింది ఆవిడ. మెషీన్‌కు బ్యాక్ పెయిన్ రాదని పక్కవాళ్లకు చెప్పింది, పోస్టు ఉంటుందని శివ సారుకు చెప్పింది. బుచ్చన్న మీసం తిప్పుకుంటూ డంపర్ ఎక్కడానికి పోయాడు. నేను మెల్లగా కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం రిపోర్టు చదవబోతుంటే ఆమె ఆపింది. "పోశం, హ్యావ్ యూ ఈటెన్?"

బోర్డు మీద దానికి జవాబు లేదు. "ఐ ఈటెన్," అన్నాను. ఆ తర్వాత అంత పెద్ద మేడాన్ని, భయపడుతూనే, అడిగేశాను. "యూ?"

ఆమె ఇంకా తినలేదట. ఆ సంగతి రిపోర్టు బుక్కులో ఏ గడిలో రాయాలో తెలియక కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను.